అమ్మ ‘మూడు’ అని రాయమంది

నాన్న పోయింది 2024 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి. పెద్దకార్యం అయిన మర్నాటి నుంచే కాగితాల పనిలో పడ్డాను. అది నాన్న కాగితంతో ఆగలేదు, తమ్ముడి పుట్టుక దాకా వెళ్ళి, అక్కడి నుంచి మా ఇంట్లో నలభై ఏళ్ళకు పైగా ఎవరూ నోరెత్తని ఒక విషయం దాకా వెళ్ళింది. మొత్తం తొమ్మిది నెలలు పట్టింది. ఇదే పని మీద తిరిగేవాళ్ళకి పనికొస్తుందని కొంత, నాకే రాసుకోవాలని ఉండి కొంత, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాన్నకి కిడ్నీలు దెబ్బతిని కాకినాడలో ఒక ఆస్పత్రిలో పన్నెండు రోజులు ఉన్నారు. ఆ పన్నెండు రోజులూ నా చెవిన పడుతూ ఉన్న మాట ‘వైటల్స్’. సిస్టర్ గంటగంటకీ వచ్చి బీపీ, నాడి, జ్వరం, ఊపిరి చూసి మంచానికి తగిలించిన కాగితం మీద రాసేది, డాక్టర్ గారు రౌండ్స్‌కి వచ్చి ముందు ఆ కాగితమే చూసేవారు, నేను వాళ్ళ మొహాలు చూసేదాన్ని. పన్నెండో రోజు మధ్యాహ్నం, ఇంక ఇంటికి తీసుకెళ్ళిపోవడం మంచిదమ్మా అన్నారు. అంబులెన్సులో యానాం దాటి ఎదుర్లంక వంతెన మీదికి వచ్చేసరికి నాన్న కళ్ళు తెరిచి గోదారి వైపు చూశారు. ఆ రాత్రి ఇంట్లోనే, తన మంచం మీదే పోయారు.

కాగితం ఎక్కడ తీసుకోవాలన్న దగ్గరే మొదటి పొరపాటు జరిగింది. ఆస్పత్రి కాకినాడది కాబట్టి సర్టిఫికెట్టూ అక్కడే ఇస్తారని మా మావయ్య గట్టిగా చెప్పడంతో నేను బస్సెక్కి కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఒక గది తలుపు మీద జనన మరణ విభాగం అని, దాని కింద చిన్న అక్షరాల్లో వైటల్ స్టాటిస్టిక్స్ అని ఉంది. నాకు ఒక్క క్షణం ఒళ్ళు మండింది. ఎందుకంటే నాకు ఆ మాట తెలిసింది డిగ్రీలో హాస్టల్లో ఉండగా సినిమా పత్రికల్లో, హీరోయిన్ ఫొటో కింద ఛాతీ, నడుము, తుంటి కొలతలని మూడు అంకెలు వేసేవారు చూడండి, అక్కడ. ఆడమనిషిని మూడు అంకెల కింద రాసే మాటని చావు కాగితం ఇచ్చే గది మీద ఎందుకు రాశారో అర్థం కాలేదు. అసలు మాట ఇదేనని, సినిమా వాళ్ళది తర్వాతెప్పుడో వచ్చిన వాడుక అని నాకు అప్పటికి తెలీదు. లాటిన్‌లో వీటా అంటే జీవం. ఆస్పత్రిలో వైటల్స్ అన్నా, ఈ గది మీద వైటల్ అన్నా ఆ జీవమే, కాకపోతే అక్కడ ఒక్క మనిషిలో ప్రాణం ఎలా ఉందో చూస్తారు, ఇక్కడ ఊరు ఊరంతటిలో ఎన్ని ప్రాణాలు వచ్చాయి, ఎన్ని పోయాయి అని లెక్క వేస్తారు.

ఆ గదిలో ఉన్న పెద్దాయన నా మాట అంతా విని ఒకటే అడిగారు. “ప్రాణం ఎక్కడ పోయిందమ్మా?”

“ఇంట్లోనండి.”

“అయితే మీ ఊరి పంచాయతీలోనే రాయించుకోవాలి. ఆస్పత్రిలో పోతే ఆస్పత్రి వాళ్ళే మాకు రాసి పంపుతారు. ఇంట్లో పోతే ఇంటివాళ్ళు చెప్పాలి. ఎన్ని రోజులైంది?”

పదిహేను రోజులైందంటే, ఇరవై ఒక్క రోజుల్లోపు కాబట్టి ఇబ్బంది లేదు, రేపే వెళ్ళమన్నారు. ఎవరైనా సరే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. మనిషి ఏ ఊరి వాడు, ఆధార్‌లో ఏ అడ్రసు ఉంది అన్నది కాదు, పుట్టుకైనా చావైనా ఎక్కడ జరిగిందో అక్కడి పుస్తకంలోకే ఎక్కుతుంది. 1969లో వచ్చిన జనన మరణాల నమోదు చట్టం చెప్పేది ఇదే. 21 రోజుల్లోపు చెబితే ఉచితం. 30 రోజుల్లోపు అయితే చిన్న రుసుము. నెల దాటి ఏడాది లోపు అయితే మనమే సంతకం చేసి ధ్రువీకరించిన కాగితం, రుసుము పెట్టి పై అధికారి అనుమతి తెచ్చుకోవాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఈ చివరిది ఎంత పనో తమ్ముడి విషయంలో చూశాను.

మా ఊరి సచివాలయంలో పంచాయతీ కార్యదర్శే రిజిస్ట్రారు. చిన్నవాడు, ముప్పై ఏళ్ళుంటాయేమో, నాన్నని ఎరుగున్నవాడే. ఫారం ముందు పెట్టి నింపడం మొదలుపెట్టాడు. ఆ ఫారం ఒక పక్క పేరు, తేదీ, చోటు, తల్లిదండ్రులు, ఇంటి చిరునామా ఉంటాయి, అది చట్టం కోసం, సర్టిఫికెట్‌లో మనకి వచ్చేది ఆ పక్కే. రెండో పక్క వేరే ప్రశ్నలుంటాయి, పోయినాయన ఏం పని చేసేవారు, చివర్లో వైద్యం అందిందా లేదా, ఏ జబ్బు, డాక్టరు ధ్రువీకరించారా, పొగ తాగేవారా, తాగితే ఎన్నేళ్ళు, పొగాకు నమిలేవారా, వక్క, మందు. రెండో పక్కదంతా లెక్కల కోసం. దాన్ని విడదీసి పైకి పంపుతారు, మనకి ఇచ్చే కాగితంలో అందులో ఒక్క ముక్కా రాదు.

“చుట్ట ఎన్నాళ్ళు కాల్చారండి?” అని ఆ అబ్బాయి మొహమాటపడుతూ అడిగాడు. నాకు తెలీదు. ఇంటికి ఫోన్ చేసి అమ్మని అడిగితే ఆవిడ సంవత్సరాలతో చెప్పలేదు. పెళ్ళినాటికే అలవాటుందంది, పదిహేడేళ్ళ వయసులో లంకలో పొగాకు చేనికి కూలికి వెళ్ళినప్పుడు మొదలైందని మీ నాన్నమ్మ చెప్పేదంది, నీ పెళ్ళయిన ఏడు డాక్టరు తిడితే మానేశారంది. లెక్క కట్టుకుంటే ముప్పై ఏడు. నాన్న పుట్టింది 1953లో, ఆ ఏడు వచ్చిన వరదలకి మూడు నెలల పిల్లాడని మా నాన్నమ్మ చెప్పేది, అదే ఆయన పుట్టినరోజుకి ఉన్న ఆధారం. ఆధార్‌లో మాత్రం జనవరి 1 అని ఉంటుంది. ఏ మునసబు పుస్తకంలోనూ ఆయన పుట్టుక లేదు. డెబ్భై ఏళ్ళు బతికిన మనిషి గురించి ప్రభుత్వం మొదటిసారి ఇంత శ్రద్ధగా అడిగింది ఆయన పోయాక అనిపించి, ఆ కుర్చీలోనే కళ్ళు తుడుచుకున్నాను.

జబ్బు దగ్గర వృద్ధాప్యం అని రాయబోయాడు. ఇంటి దగ్గర పోయిన పెద్దవాళ్ళకి అందరూ రాయించేది అదేనట. డిశ్చార్జి కాగితం చూపించి అందులో ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో కారణాన్ని డాక్టరు ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావన్నీ ఇలా వృద్ధాప్యం, గుండెపోటు అని ఇంటివాళ్ళ నోటిమాట మీద ఎక్కినవో, అసలేమీ ఎక్కనివో. ఏ ఊళ్ళో కిడ్నీ జబ్బులు పెరుగుతున్నాయో, ఎక్కడ ఏ కేన్సరు ఎక్కువగా ఉందో తెలియాలంటే ముందు ఈ ఒక్క గడి నిజంగా నిండాలి కదా. దయచేసి మీ ఇంట్లో ఇలాంటి కష్టం వస్తే ఆస్పత్రి కాగితం తీసుకెళ్ళండి, నిజం రాయించండి.

సర్టిఫికెట్టు వారంలో వచ్చింది. ఇంటిపేరులో ఇంగ్లీషు అక్షరం ఒకటి తేడా పడితే సరిచేయించడానికి ఇంకో పదిహేను రోజులు తిరిగాను. దాంతో బ్యాంకు పని, ఎల్‌ఐసీ, అమ్మ పింఛను, ఎకరం కొబ్బరితోట పాస్‌బుక్కు, ఒక్కొక్కటీ కదిలాయి.

తమ్ముడి సంగతి ఇక్కడే మొదలైంది. వాడు అమెరికాలో ఉంటాడు. నాన్న కార్యక్రమాలకి వచ్చి తిరిగి వెళ్తూ, అక్కా, గ్రీన్‌కార్డు పనికి బర్త్ సర్టిఫికెట్ అడుగుతున్నారు, నాకు లేదు, కాస్త చూస్తావా అన్నాడు. నేను తేలిగ్గా సరే అన్నాను. నేను పుట్టింది 1983లో, అమలాపురంలో గవర్నమెంటు ఆస్పత్రిలో. నాది ఎప్పుడో తీసుకున్నాం. వాడిదీ అలాగే దొరుకుతుందనుకున్నాను.

వాడు పుట్టింది ఆస్పత్రిలో కాదు. 1986 ఆగస్టు, గోదారి వరదలు. అమ్మ పురిటికని పుట్టింటికి వెళ్ళింది, అమ్మమ్మగారిది లంక ఊరు, నెప్పులు మొదలయ్యే నాటికి పంటు కట్టేశారు, ఏరు దాటి ఆస్పత్రికి వెళ్ళే దారి లేదు. ఊరంతా పిల్లాజెల్లాతో ఏటిగట్టు పక్కనున్న బడిలో తలదాచుకున్నారు. ఆ బడిలో, బ్లాక్‌బోర్డుకి చీర అడ్డం కట్టి, మంత్రసాని చేతిలో తమ్ముడు పుట్టాడు. తేదీ అందరికీ గుర్తుంది. పుస్తకంలో రాయించాలన్న ఆలోచన ఎవరికొస్తుంది ఆ రోజుల్లో, ఊరికి ఊరే నీళ్ళలో ఉంటే. పైగా ఊళ్ళలో మునసబు, కరణం పదవులు 1984లోనే తీసేశారు. అంతకుముందు తాతయ్య వీధిలో ఎదురైన మునసబు గారికి ఒక మాట చెబితే పుస్తకంలో ఎక్కిపోయేది. ఆ తర్వాత ఎవరికి చెప్పాలో కొన్నాళ్ళు ఎవరికీ సరిగా తెలీలేదట.

కాబట్టి అడగాల్సింది మా ఊళ్ళో కాదు, అమ్మమ్మగారి ఊళ్ళో. ముందు వెతకమని దరఖాస్తు ఇవ్వాలి, పుస్తకంలో లేదని తేలితే లేదన్న కాగితం ఇస్తారు, నాన్ అవైలబిలిటీ అంటారు. ఆ ‘లేదు’ కోసం నేను ఐదుసార్లు పంటు దాటాను. ఒకసారి సార్ మీటింగులో ఉన్నారు, ఒకసారి బీరువా తాళం లేదు, ఒకసారి పాత పుస్తకాలు ఇక్కడ లేవు తహసీల్దారు ఆఫీసు రికార్డు గదిలో ఉన్నాయన్నారు, అక్కడికి వెళ్తే ఇక్కడికి. నాకు కోపం వచ్చింది, అరవలేదు, కానీ రేవులో నిలబడి పంటు కోసం చూస్తూ చాలా అలసిపోయాను.

లేదన్న కాగితం చేతికి వచ్చాక ఆలస్యపు నమోదుకి దరఖాస్తు. ఏడాది దాటిన వాటికి ఇదివరకు చట్టంలో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు అని ఉండేది. 2023లో చట్టం సవరించి ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకి, లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకి, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకి ఇచ్చారు, 2023 అక్టోబరు 1 నుంచి అది అమల్లో ఉంది. మన దగ్గర జనం నోట్లో అది ఆర్డీవో ఆఫీసు పనే. మాకు కావాల్సి వచ్చినవి చెబుతాను, లేదన్న కాగితం, పదో తరగతి మార్కుల మెమో, ఆధార్లు, పాత రేషన్ కార్డు, నోటరీ అఫిడవిట్టు, పుట్టుక ఎరిగిన ఇద్దరి సాక్ష్యం, వీఆర్వో విచారణ. సాక్షుల్లో ఒకరు ఆ మంత్రసాని కూతురు, అప్పటికి పదిహేనేళ్ళ పిల్ల, ఆవిడే ఆ రోజు వేణ్ణీళ్ళు కాచిందట. ఇంకో సంగతి, 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడం నుంచి ఆధార్, ఓటు, డ్రైవింగ్ లైసెన్సు దాకా పుట్టిన తేదీకి రుజువు ఈ బర్త్ సర్టిఫికెట్టే. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ వారంలోనే చూసుకోండి, పేరు గడి ఖాళీగా ఉందేమో కూడా చూడండి.

దరఖాస్తుతో పాటు పుట్టుక ఫారం కూడా నింపాలి. జూన్ నెల, ఉక్కపోతగా ఉంది, అమ్మ వరండాలో నవ్వారు మంచం మీద కూర్చుని కొబ్బరాకు ఈనెలు తీస్తోంది, నేను కింద కూర్చుని నింపుతున్నాను. దీనికీ రెండు పక్కలున్నాయి. లెక్కల పక్క నేనే రాసుకుంటూ పోతున్నాను, తండ్రి చదువు, తల్లి చదువు, పెళ్ళినాటికి తల్లి వయసు, కాన్పు నాటికి వయసు, కాన్పు ఎవరు చేశారు. ఆ తర్వాత ఈ బిడ్డతో కలిపి ఈ తల్లికి ఇప్పటిదాకా ప్రాణంతో పుట్టిన పిల్లలు ఎంతమంది అని ఉంది. నేను పైకి చదువుతూనే 2 అని వేశాను.

“మూడు రాయి,” అంది అమ్మ.

నేను తలెత్తి చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. ఈనె తీస్తూనే ఉంది.

“నీకు ముందు ఒక పిల్ల. ప్రాణంతో పుట్టిన పిల్లలనే కదా అడిగారు. ప్రాణంతోనే పుట్టింది. తొమ్మిది రోజులుంది.”

నాకు అప్పటికి నలభై ఒకటి. మా అమ్మకి నాకంటే ముందు ఒక బిడ్డ పుట్టిందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం అమ్మ చెప్పింది ఎంతో లేదు, ఆగి ఆగి చెప్పింది. 1981. తొలి కాన్పు కాబట్టి పుట్టింట్లోనే. పిల్ల బొద్దుగా పుట్టింది, బాగా ఏడ్చింది, ఆరు రోజులు బాగా పాలు తాగింది. ఏడో రోజు నోరు తెరవలేకపోయింది, పాలు పట్టలేదు, ముట్టుకుంటే ఒళ్ళు విల్లులా బిగుసుకుపోయేది. గాలి సోకిందని అమ్మమ్మ దిష్టి తీయించింది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున పోయింది. పురుడు కూడా వెళ్ళలేదు. తాతయ్య ఒక్కడే తీసుకెళ్ళి లంకలో పాతిపెట్టి వచ్చాడు. ఆ తర్వాత నేను కడుపున పడితే ఏడో నెల నుంచే తాతయ్య అమలాపురం ఆస్పత్రి అని పట్టుబట్టాడట. నా పేరులో అంతర్వేది నరసింహస్వామి పేరు ఎందుకు కలిసిందో, మొక్కు అంటారే తప్ప ఏ మొక్కో ఎందుకు చెప్పేవారు కాదో, అప్పుడు తెలిసింది.

అమ్మ చెప్పింది వింటే అది ధనుర్వాతమే అయుంటుందని మా ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు అంది. శుభ్రం లేని కత్తితోనో బ్లేడుతోనో బొడ్డు కోస్తే, తల్లికి టీటీ ఇంజెక్షన్లు లేకపోతే పుట్టిన వారానికే పిల్లల్ని పట్టేది. బాలింతలకీ పసిపిల్లలకీ వచ్చే ఆ జబ్బు మన దేశంలో ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని 2015లో ప్రకటించారు. అమ్మకి ఈ మాట చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చెప్పాను. మంత్రసానిని ఏమీ అనకు, ఆవిడకేం తెలుసు పాపం, అంది.

మరుసటి వారం నేను ఆరోసారి పంటు దాటాను. తమ్ముడి కోసం కాదు. 1981 పుస్తకం చూడమని దరఖాస్తు పెట్టాను. ఎన్నో తారీఖు అంటే అమ్మ చెప్పిన తిథిని బట్టి నెల చెప్పగలిగాను అంతే. బైండు ఊడిపోయి, చెమ్మకి అంచులు నల్లబడ్డ పుస్తకం, మునసబు గారి నీలం సిరా. ఉద్యోగి వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదువుతున్నాడు. ఉంది. ఆడ అని ఉంది, తండ్రి పేరు మా నాన్నది, తల్లి పేరు అమ్మది, తెలియజేసినవారు మా తాతయ్య. శిశువు పేరు గడి ఖాళీ. మన వైపు బారసాల ఇరవై ఒకటో రోజున, ఇప్పుడు చట్టం గడువూ ఇరవై ఒక్క రోజులే. తాతయ్య అంత దాకా ఆగకుండా ఐదో రోజునే వెళ్ళి రాయించాడు, ఆడపిల్ల పుట్టిందన్న సంతోషంతో వెళ్ళి ఉంటాడు. అదే ఏడాది మరణాల పుస్తకం కూడా తీయించాను. మొత్తం చూశాం. లేదు.

అంటే ఆ పుస్తకాల ప్రకారం మా అక్క పుట్టింది, పోలేదు. ప్రభుత్వం దగ్గర ఆవిడ వయసు నలభై మూడు.

ఇది నన్ను చాలా రోజులు వదల్లేదు. రిటైరయిన టీచరు, మా బాబాయి, కొన్నేళ్ళు శాంపిల్ రిజిస్ట్రేషన్ లెక్కలు రాశారు. ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పుకున్నాను. ఆయనేం ఆశ్చర్యపోలేదు. “పసిపిల్ల పోతే ఎవరు రాయిస్తారమ్మా. ఆస్తి లేదు, పింఛను లేదు, సర్టిఫికెట్టుతో ఎవరికీ పని లేదు. ఏడ్చి ఊరుకుంటారు. అందుకే ఆ లెక్కలు పెట్టింది,” అన్నారు. ఆయన చెప్పాక నాకు అర్థమైంది ఇది. పంచాయతీ పుస్తకాల్ని నమ్ముకుంటే మన దేశంలో ఎంతమంది పసిపిల్లలు పోతున్నారో ఎప్పటికీ తెలీదు. అందుకని 1960ల చివరి నుంచి దేశమంతటా కొన్ని ఊళ్ళూ వీధులూ శాంపిల్‌గా ఎంచుకుని, ఒక్కోచోట ఒక మనిషిని, ఎక్కువగా అక్కడి టీచర్నే, పెట్టి ఏడాది పొడుగునా పుట్టుకలూ చావులూ రాయిస్తారు. ఆరు నెలలకోసారి వేరే సూపర్‌వైజరు, ఈయన రాసింది చూడకుండా, ఇల్లిల్లూ తిరిగి తనూ రాస్తాడు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనివాటి కోసం మళ్ళీ ఆ ఇంటికి వెళ్తారు. బాబాయి ప్రతి ఇంట్లో గర్భిణులెవరో ముందే రాసుకునేవారట, నెలలు నిండాక వెళ్ళి అడిగితే ఎవరూ దాచలేరని. “అడగడం కష్టంగా ఉండేదమ్మా. తలుపు దగ్గర నిలబడి, పాప ఉందా అని అడగాలి,” అన్నారు.

శిశు మరణాల రేటు అని పేపర్లో వచ్చే అంకె అలా పుడుతుంది. ప్రాణంతో పుట్టిన వెయ్యిమందిలో ఏడాది నిండకుండా పోయినవాళ్ళు ఎందరో అది చెబుతుంది. మన దేశంలో 1971లో 129. 1981లో, మా అక్క పుట్టిన ఏడు, 110. 2020కి 28. ఇంతకు ముందు ఇలాంటి అంకెలు నా కంటబడితే పేజీ తిప్పేసేదాన్ని. ఇప్పుడు 110 అంటే ఆ నూట పదిలో ఒకరు మా ఇంటి వాళ్ళు. అసలు ఈ లెక్కలన్నిటికీ మొదలు లండన్‌లో జాన్ గ్రాంట్ అనే ఒక వర్తకుడట, ప్లేగు రోజుల్లో చర్చిలు వారం వారం వేసిన చావుల పట్టీలు కూడబెట్టి 1662లో పుస్తకం వేశాడు. నూరుమంది పుడితే ఆరేళ్ళు నిండేలోగా 36 మంది పోతున్నారని ఆయన లెక్క కట్టాడు. ఒక రాత్రి అది చదువుతూ ఫోన్ పక్కన పెట్టేశాను, ఆ ముప్పై ఆరుమంది తల్లులు గుర్తొచ్చి.

ఇవే లెక్కలు ఇంకోవైపు కూడా పనిచేస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు 1.7 అని తేలింది, జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలంటారు. నాన్నమ్మ కన్నది తొమ్మిదిమందిని, బతికింది ఐదుగురు. నాకు ఒక్కడు. ఎక్కడ బడి కట్టాలో, ఎక్కడ టీకాలు ఎన్ని పంపాలో, ముసలివాళ్ళు పెరిగే ఊళ్ళకి ఏం కావాలో ఈ అంకెలే చెప్పాలి.

అక్క మరణాన్ని ఇప్పుడు నమోదు చేయించొచ్చా అని అడిగాను. చట్టప్రకారం అదీ ఆలస్యపు నమోదే, అదే దారి, అవే సాక్ష్యాలు. అమ్మ కాక చూసినవాళ్ళు ముగ్గురు, తాతయ్య, అమ్మమ్మ, మంత్రసాని, ముగ్గురూ లేరు. “ఎందుకండి ఇప్పుడు, ఎవరికి అవసరం,” అన్నాడు ఉద్యోగి, తప్పుగా అనలేదు, మెల్లగానే అన్నాడు. అమ్మని అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, పోయినట్టు కాగితం వద్దు, పుట్టినట్టు కాగితం ఇస్తారా అంది. ఇచ్చారు. పేరు గడి ఖాళీగానే ఇచ్చారు, పిల్లల పేరు తర్వాత చేర్పించుకోవడానికి పదిహేనేళ్ళే గడువు. ఏం పేరు అనుకున్నారో అమ్మ నాకు చెప్పింది, అది ఇక్కడ రాయను. ఆ కాగితం బీరువాలో నాన్న సర్టిఫికెట్టు కవర్లోనే పెట్టుకుంది.

తమ్ముడి పని అక్టోబరు దాకా సాగింది. వీఆర్వో వచ్చి సాక్షుల్ని అడిగి రాసుకెళ్ళాడు, ఫైలు తహసీల్దారు దగ్గర కొన్నాళ్ళు, డివిజన్ ఆఫీసులో కొన్నాళ్ళు కూర్చుంది, ఒకసారి ఒక సంతకం లేదని వెనక్కి వచ్చింది. సెప్టెంబరు చివర్లో ఉత్తర్వు, అక్టోబరులో సర్టిఫికెట్టు. అది తీసుకోవడానికి ఈసారి అమ్మ కూడా నాతో పంటు ఎక్కింది, చాలా ఏళ్ళ తర్వాత పుట్టింటి రేవులో దిగింది. కార్యదర్శి కాగితం ఇచ్చాడు, తమ్ముడి పేరు, తేదీ, ఊరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అమ్మ దాన్ని తిప్పి చూసింది, వెనక ఖాళీగా ఉంది.

“అందులో పిల్లలెంతమంది అని అడిగారు కదా బాబూ, అది ఏదీ?”

“అది సర్టిఫికెట్‌లో రాదండి. లెక్కల్లోకి పైకి వెళ్ళిపోద్ది. పేర్లేం ఉండవండి అందులో, అంకెలే.”

“మూడు అనే వెళ్ళిందా?”

అతను కంప్యూటర్ వైపు తిరిగి, మా దరఖాస్తు మళ్ళీ తీసి, చూశాడు.

“ఆయ్, మూడేనండి.”